నేక్‌కదమ్ ఇంటి మడమ

మనిషి ఒంటిమీద ఉన్నిని ఏడిపించే చోటు ఒక్కటే ఉంది, అది మడమ. తల గుండ్రం, టోపీ దానంతటదే కూర్చుంటుంది. చెయ్యి గొట్టం, దాని మీద ఏ గొట్టమైనా ఎక్కుతుంది. కాలు మాత్రం నిలువునా దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి అడ్డం తిరుగుతుంది. ఆ మలుపులో ఉంటుంది అల్లేవాళ్ల బుద్ధికి పరీక్ష. దేశాలు తిరిగేవాళ్లు కోటలూ గుమ్మటాలూ చూసి జాతుల తెలివిని కొలుస్తుంటారు. అంత శ్రమ అక్కర్లేదు. ఒక మేజోడు తిరగేసి మడమ చూస్తే చాలు, ఆ లోయ ఆడవాళ్లు ఎంతదూరం ఆలోచించారో తెలిసిపోతుంది. కొన్నిచోట్ల మడమే పెట్టరు. గొట్టం అల్లి చేతిలో పెడతారు, మిగతాది నీ కాలు చూసుకోవాలి. కొన్నిచోట్ల కుక్క మూతిలా ముందుకు పొడుచుకొస్తుంది. పొరుగు లోయవాళ్ల మడమని చూసి నవ్వని లోయ పామీరు కొండల్లో ఎక్కడా లేదు.

బర్తాంగ్ లోయలో, దర్‌జోమ్ అనే ఊళ్లో, మడమ అంటే నేక్‌కదమ్ ఇంటి మడమే. అది తొడుక్కుని కనుమ దాటి పోయొచ్చినా కాలు కందదని పేరు. ఆ మేజోడు తడిసినా జారదు, ముడత పడదు, మడమని పిల్ల తలని పట్టుకున్న తల్లి అరచెయ్యిలా పట్టుకుని ఉంటుంది. ఖోరోగ్ పట్నం బజారులో అమ్మేవాళ్లు కూడా మేజోడు చేతికివ్వగానే ముందు మడమలోకి బొటనవేలు దూర్చి చూసి, "దర్‌జోమ్‌దేనా?" అనేవారు.

ఆ ఊళ్లో అల్లిక పద్ధతి ఒకటుంది. మేజోడు కాలివేళ్ల దగ్గర మొదలై పైకి గొట్టంలా సాగుతుంది. మడమ రావలసిన చోట సగం చుట్టు పనికిరాని దారంతో అల్లేసి, అక్కడేమీ లేనట్టే పిక్క దాకా వెళ్లిపోతారు. అంతా అయ్యాక ఆ పనికిరాని దారం లాగేస్తే గొట్టం నోరు తెరుస్తుంది. ఆ నోట్లోంచి పుడుతుంది మడమ. అంటే గొట్టం ఒకరు అల్లి, మడమ ఇంకొకరు పెట్టొచ్చు. నేక్‌కదమ్ బతుకంతా ఈ ఒక్క వీలు మీద నిలబడి ఉంది.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు పై ఊరి పిల్ల, పదిహేడేళ్లది. అత్తగారు శకర్ బీబీ ఆమె చేత చలికాలాల తరబడి గొట్టాలు అల్లించింది. గొట్టం పూర్తవగానే పట్టుకుపోయి లోపలి గదిలో తలుపేసుకునేది. బయటికొచ్చేటప్పటికి మడమ ఉండేది. శకర్ బీబీకి కళ్లు మసకలు కమ్మాక, ఇక దారం కనపడదని తేలాక, ఒకరోజు కోడల్ని పిలిచి, "తలుపు వెయ్యి" అంది. ఆ పూట చూపించింది. "ఒక్కదానికే ఇవ్వు. చూసి ఇవ్వు," అని కూడా చెప్పింది.

నేక్‌కదమ్ అప్పట్నుంచీ చూస్తూనే ఉంది.

మొగుడు ఒదిన్‌షో లారీ నడిపేవాడు. కొండచరియ విరిగిపడి పోయాడు. పిల్లల్లేరు. అందుకని చూడవలసింది బయటివాళ్లని. బయటివాళ్లని చూడటం మొదలుపెడితే అంతముంటుందా! ఒకసారి మొగుడి తరఫు పిల్ల గుల్‌సిఫత్ ఇంటి కప్పెక్కి, వెలుతురు కోసం వదిలిన కంతలోంచి తొంగి సగం సగం చూసింది. మరుసటేడు ఖోరోగ్‌లో ఒక కొట్లో 'దర్‌జోమ్ మడమ' అని అమ్మారు. అది సరిగ్గా రాలేదు, కొన్నవాళ్లు తిట్టుకున్నారు కూడా. అయినా నేక్‌కదమ్ ఆనాటి నుంచి మడమ పెట్టే ముందు కప్పు మీద కంతకి నమదా అనే దళసరి ఉన్ని చాప పరిపించేది. పట్టపగలు దీపం పెట్టుకుని అల్లేది. పొయ్యి పొగ పోయే దారిలేక దగ్గేది. దగ్గుతూ అల్లేది.

ఇంకో సంగతి, ఊరంతా మెచ్చుకునేది. కొత్తగా అల్లిక పట్టేవాళ్లకి మొదటి పని ఏది ఇవ్వాలో నేక్‌కదమ్‌కి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆమె చేత మొదలుపెట్టించని ఆడపిల్ల దర్‌జోమ్‌లో లేదు. కూతురికి ఊచలు కొని తల్లులు ముందు ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

"బీబీ, మా పిల్ల మఫ్లర్‌తో మొదలుపెడతానంటోంది. సులువు కదా, అటొకసారి ఇటొకసారి పోవడమే," అనేవారు.

"సులువే. ఇక్కణ్నుంచి చైనా దాకా నడవడమూ సులువే, ఒక కాలు ముందు ఇంకో కాలు వేస్తే చాలు. చేరేదెప్పుడు? మఫ్లర్ మొదలెట్టిన పిల్ల అది పూర్తయ్యేలోపు పెళ్లి చేసుకుంటుంది, ఊచలు కోడిపిల్లలకి గూడు కట్టడానికి పనికొస్తాయి."

మొదటి పని చిన్నది కావాలి, పొద్దున మొదలెడితే ఒకటి రెండు పూటల్లో ముగింపు కనపడాలి అనేది ఆమె. ఉన్ని ముతకదీ తెల్లదీ కావాలి. నల్ల ఉన్ని వద్దే వద్దు, నల్ల ఉన్నిలో తప్పులు దొంగల్లా దాక్కుంటాయి. రెండు రంగులు అప్పుడే వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వస్తువు వాడేవాళ్లు వంకలు పెట్టనివాళ్లై ఉండాలి. అందుకని దర్‌జోమ్‌లో ఏ ఆడదాని మొదటి అల్లికైనా గాడిద నుదుటి పట్టీయే. వంకర పోయినా గాడిద ఏమీ అనదు. పైగా ఊరంతా తిరిగి చూపించొస్తుంది. తర్వాత ఉప్పు సంచి. అది నాలుగు పలకల ముక్క, మడిచి కుట్టడమే. ఆ తర్వాత మణికట్టు తొడుగులు, అక్కడ గుండ్రంగా తిప్పడం వస్తుంది. ఆ తర్వాత గొట్టం.

ఆ తర్వాత ఇంకో గొట్టం.

అక్కడే ఉంది కిటుకు. చారల గొట్టం, పొట్టేలు కొమ్ముల గొట్టం, పిల్లల గొట్టం, మగాళ్ల గొట్టం. "నీ చెయ్యి ఇంకా బిగుసుకుంటోంది తల్లీ. ఇంకొకటి సులువైనది చూసిస్తా." పిల్లలు పెరిగేవాళ్లు, విసిగేవాళ్లు, పెళ్లై పోయేవాళ్లు. సులువైన పని వెతికి ఇవ్వడంలో ఆమెకున్న నేర్పు చూసి ఎంత ఓపికమ్మా అనుకునేవారు. కోటకి గోడ కడుతోందని ఎవరికీ తట్టలేదు.

తట్టింది ఒక్క సవ్సన్‌కి. పక్కింటి ఇల్లాలు, మధ్యలో నడుమెత్తు రాతిగోడ. నోరు పదును, చెయ్యి అంతకన్నా పదును. నాలుగు చలికాలాలుగా గొట్టాల్లో ఉంది.

"నా గొట్టాలన్నీ కలిపి కుడితే నదికి అవతలి గట్టు దాకా వస్తాయి వదినా," అంది ఒకరోజు గోడ మీద మోచేతులు ఆన్చి. "వంతెన లేదని ఏడుస్తున్నారుగా, ఇచ్చేద్దామా?"

"మడమ తొందరపడేవాళ్లకి రాదు."

"తొందరపడనివాళ్లకి మాత్రం ఎవరికొచ్చింది? పేరు చెప్పండి చూద్దాం."

నేక్‌కదమ్‌కి చెప్పడానికి పేరు లేదు. ఆ ఏడు మాత్రం ఆ మాట ఆమెని గుచ్చింది. బొటనవేలి కణుపులు రెండూ జల్దారు పండు గింజల్లా ఉబ్బాయి. పొద్దున్నే పాలూ ఉప్పూ వేసిన షీర్‌చాయ్ టీ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుంటేగాని నిలిచేది కాదు. మడమ దగ్గర కుట్లు సన్నం, ఊచ జారిపోయేది. ఈ చలికాలం ఎవరికో ఒకరికి ఇవ్వకపోతే మడమ తనతోపాటే మట్టిలోకి పోతుందని ఆమెకి తెలుసు. ఎవరికి? సవ్సన్‌కిస్తే ఊరంతా చాటుతుంది. గొట్టాలు అల్లుతున్న పై ఇంటి పిల్లకిస్తే పిల్ల పెళ్లై పోతుంది. అనుమానం పెనుభూతం అంటారు. దానికి కూడా తిండి కావాలి, ఈ ఇంట్లో దానికి మూడు పూటలా వడ్డన జరుగుతోంది.

సరిగ్గా అప్పుడు, తూత్ పళ్లు, అంటే మల్బరీలు, ఎండబెట్టడాలు ముగిసి పిండి కొట్టుకుంటున్న రోజుల్లో, ఊరి వైద్యశాలకి కొత్త నర్సు వచ్చింది. పేరు మవ్జూదా. వఖాన్ లోయ వైపు, సర్‌కిష్త్ అనే ఊరు ఆమెది. ముప్ఫై అయిదు దాటిన మనిషి. తక్కువ మాట, పెద్ద పెద్ద అడుగులు. దిగి పది రోజులు కాలేదు, ఒక రొట్టె గుడ్డలో చుట్టుకుని నేక్‌కదమ్ గుమ్మంలోకి వచ్చింది. దణ్ణంగా గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత రెండు అరచేతులూ ఖాళీగా చాపింది.

"అల్లిక నేర్పండి బీబీ. నాకేమీ రాదు. ఊచ ఏ చివర పట్టుకోవాలో కూడా తెలీదు."

"మా ఊచలకి రెండు చివరలూ ఒకటే," అంది నేక్‌కదమ్.

అనేసి, లోపల అనుకుంది: ఏమీ రానివాళ్లు చేతులు వెనక్కి దాచుకుంటారు, ఇది ముందుకు చాపింది. పట్నంలో చదువుకున్న నర్సు, ఊళ్లో ఇంత మంది జబ్బువాళ్లుండగా, మొట్టమొదట నా గుమ్మమే ఎందుకు తొక్కింది?

అయినా రొట్టె తెచ్చినవాళ్లని పొమ్మనడం ఎక్కడా లేదు. ముతక తెల్ల ఉన్ని ఇచ్చి గాడిద పట్టీ మొదలుపెట్టించింది. ఎదురుగా కూర్చుని చూసింది.

మొదటిసారి ఊచ పట్టినవాళ్లెవరైనా దారాన్ని గొంతు నులిమినట్టు పట్టుకుంటారు. కుట్లు కీచుమంటాయి. భుజాలు చెవుల దాకా లేస్తాయి, నాలుక బయటికొస్తుంది. మవ్జూదా అన్నీ చేసింది. నాలుక కూడా బయటపెట్టింది. కుట్టు వదిలేసింది, అయ్యో అంది. కానీ దారం? దారం ఆమె చిటికెన వేలు చుట్టూ ఒక మెలిక తిరిగి చూపుడు వేలి మీదికి వచ్చి ఉంది. ఆ మెలిక ఆమె వేసుకోలేదు, వేలే వేసుకుంది. గొడ్డు ఇంటి దారి పట్టినట్టు.

నాలుక అబద్ధమాడొచ్చు, చిటికెన వేలు ఆడలేదు.

పట్టీ పూర్తయింది. అచ్చంగా మొదటి పట్టీలాగే వంకరగా ఉంది. నేక్‌కదమ్ దాన్ని దీపం దగ్గర తిరగేసి చూసింది. నిజం తప్పులు గుంపుగా వస్తాయి. ఒకటి జరిగితే కంగారులో ఇంకో మూడు. ఇక్కడ తప్పులు దూరం దూరంగా, విత్తనాలు నాటినట్టున్నాయి. మధ్యలో కుట్లన్నీ ఒక్క బిగువు. ఇది అల్లిక తెలిసిన చెయ్యి, బాగా తెలిసిన చెయ్యి. తెలిసీ తెలియదంటోంది.

దర్‌జోమ్‌లో అలా చేసేవాళ్లకి ఒకటే పేరు.

"సవ్సన్!" అని గోడ దగ్గరికి పిలిచింది. "ఆ నర్సు దొంగ."

"ఏం పోయింది?"

"ఇంకా పోలేదు. అల్లిక వచ్చి రానట్టు నటిస్తోంది. ఖోరోగ్ కొట్టువాడు పంపి ఉంటాడు, నా మడమ కోసం."

సవ్సన్ పిండి చేతులు దులుపుకుంది. "అవును మరి. మీ మడమ కోసం ఒకామెని చిన్నప్పట్నుంచీ చదివించి, నర్సుని చేసి, ప్రభుత్వం చేత ఇక్కడికి వేయించాడు కొట్టువాడు. పాపం ఎంత ఖర్చైందో!"

"నవ్వు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంటే పక్కింటివాళ్లకి నవ్వుగానే ఉంటుంది."

"పిల్లి సంగతి సరే, గిన్నె మీద మూతేసుకుని కూర్చుంటే పాలు విరిగిపోవా వదినా?"

నేక్‌కదమ్ వినిపించుకోలేదు. ఉప్పు సంచి ఇచ్చింది, మణికట్టు తొడుగులిచ్చింది, గొట్టమిచ్చింది. మవ్జూదా అన్నిట్లోనూ సరిపడా తప్పులు చేస్తూ, పద్ధతిగా తగ్గించుకుంటూ వచ్చింది. ఏదీ అడగదు. నేర్చుకునేవాళ్లు ఎందుకని అడుగుతారు, ఇలా చేస్తే ఏమవుతుందని అడుగుతారు. ఇది ఇచ్చింది తీసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని పోతుంది. ఆ వినయం చూస్తేనే ఒళ్లు మండేది. ఒకరోజు తలుపేసుకుని మడమ పెడుతుంటే కప్పు మీద చప్పుడైంది. నేక్‌కదమ్ కర్ర పట్టుకుని పరుగెత్తుకెళ్లింది. కాకి. కాకి మీద కూడా ఆమెకి అనుమానం తీరలేదు.

చివరికి ఒక ఉపాయం తోచింది. దొంగని పట్టాలంటే దొంగసొత్తు ఇవ్వాలి.

ఆ మడమ రహస్యం ఏమిటో ఇక్కడ చెప్పేయాలి, చెప్పకపోతే ఉపాయం అర్థం కాదు. గొట్టం నోరు తెరిచాక ఎవరైనా వెంటనే రెండు పక్కలా కుట్లు తగ్గించుకుంటూ పోతారు, మడమ మూసుకుపోతుంది. శకర్ బీబీ ఇంట్లో అలా కాదు. తగ్గించడానికి ముందు రెండు చుట్లు ఊరికే తిప్పుతారు. ఏమీ చెయ్యరు, ఉత్తినే అల్లుతారు. ఆ రెండు ఉత్త చుట్లే మడమకి లోతునిస్తాయి. అంతే. ఒక్కసారి చూసిన ఎవరికైనా వచ్చేస్తుంది. అందుకే తలుపు, నమదా, దీపం, దగ్గు. కష్టమైన విద్యకి కాపలా అక్కర్లేదు, దాని కష్టమే దానికి కాపలా. సులువైనదాన్నే కళ్లలో వత్తులేసుకుని కాయాలి.

మవ్జూదా తన జత గొట్టాలు పూర్తిచేసి తెచ్చిన రోజున నేక్‌కదమ్ తలుపు వేసింది. "చూడు, ఎవరికీ చెప్పకు," అని పనికిరాని దారం లాగి, కుట్లు ఊచల మీదికెత్తి, వెంటనే తగ్గించడం మొదలుపెట్టింది. ఉత్త చుట్లు ఎగ్గొట్టేసింది. తక్కువ లోతు మడమ, అడుగున ఒక గట్టుతో. ఒక మేజోటికి తను పెట్టి, రెండోదానికి ఆమె చేత పెట్టించింది. మవ్జూదా చేతులు ఒక్కసారి ఆగాయి. కళ్లెత్తి ముసలామెని చూసింది. మళ్లీ తల దించి, చెప్పినట్టే చేసింది.

ఆ ఆగడం నేక్‌కదమ్ చూసింది. తెలిసిపోయిందా? తెలిస్తే అనేదిగా!

ఇక మిగిలింది కనిపెట్టడం. ఈ పిచ్చి మడమ ఖోరోగ్ బజారులో తేలిన రోజు దొంగ దొరికినట్టే. వారానికోసారి పట్నం పోయే జీపు డ్రైవర్ని రోడ్డు మీద ఆపింది.

"నర్సమ్మ నీ చేత ఏమైనా పంపుతోందా?"

"పంపుతోంది బీబీ. రక్తం."

"రక్తమేమిట్రా?"

"పరీక్షకి, సీసాల్లో. మీదీ ఉంది అందులో. మీది మాత్రం సీసా మూత చాలా గట్టిగా ఉందన్నారు, ఎవరూ తియ్యలేకపోయారట."

"నీ మొహం. మేజోళ్లు?"

"మేజోళ్ల రక్తం పరీక్ష ఇంకా మొదలెట్టలేదు."

దీనికి ముందే ఇంకో దెబ్బ తగిలింది. నర్సుకి మడమ చూపించారన్న కబురు గోడ దాటింది. సవ్సన్ గోడ దగ్గరికి వచ్చి, ఎప్పటిలా మోచేతులు ఆన్చకుండా నిలబడింది.

"నాలుగేళ్లు నేను గొట్టాల్లో ఉంటే, వచ్చి నెల తిరగనిదానికి మడమ ఇచ్చారా వదినా?"

అది నిజం మడమ కాదని చెప్పాలంటే దొంగ మడమ సంగతి చెప్పాలి. చెబితే సవ్సన్ నోట్లో ఆగదు. నేక్‌కదమ్ నోరు నొక్కుకుంది.

"సరే," అంది సవ్సన్. అంతే. మర్నాటి నుంచి మాటల్లేవు. గోడ నడుమెత్తే ఉంది, కానీ ఎత్తు పెరిగినట్టయింది. పొద్దున రొట్టె కాల్చినప్పుడు వేడివేడిగా ఒకటి గోడ మీదికి వచ్చేది, అదీ ఆగింది.

మొదటి మంచు పడి కరిగి, దారులన్నీ చిత్తడయ్యాయి. మవ్జూదా కుంటుతూ కనపడింది. నేక్‌కదమ్ కిటికీలోంచి చూసింది. కుంటుడు కూడా నాటకమేనా? నా గుమ్మం ముందుకొచ్చాకే ఎక్కువ కుంటుతోందేం? తలుపు చాటున నిలబడి, మలుపు తిరిగాక కూడా చూసింది. అక్కడా కుంటుతోంది. ఎవరూ చూడని చోట కుంటేవాళ్లని ఏమనాలో ఆమెకి తోచలేదు.

ఆ మధ్యాహ్నం గోడవతల సవ్సన్ మేకతో మాట్లాడటం మొదలుపెట్టింది. గట్టిగా, ప్రతి మాటా గోడ ఇవతలికి వినపడేలా.

"విన్నావుటే మేకా? నర్సమ్మ నిన్న పై ఇళ్ల దాకా నడిచిందిట పురిటికి. ఆ చిత్తడిలో పోనూ రానూ. మడమ చర్మం లేచిపోయిందిట. దర్‌జోమ్ మడమ మరి, పేరున్నది! కనుమ దాటినా కాలు కందదట! ఏమంటావు?"

మేక ఏదో అంది.

"అంతే కదా, నేనూ అదే అన్నాను. ఇన్నాళ్లూ మడమ ఇవ్వలేదని ఏడ్చాను గానీ, ఇవ్వక మేలే చేశారు మహాతల్లి."

నేక్‌కదమ్‌కి చెవుల్లో మంటపుట్టింది. ఇన్నేళ్లు తలుపేసుకుని, పొగలో దగ్గుతూ కాపాడిన మడమకి, తన చేత్తోనే చెడ్డపేరు తెచ్చింది. ఊళ్లో ఇంకెంతమంది మేకలతో మాట్లాడుతున్నారో! శాలువా కప్పుకుని బయల్దేరింది. రక్తపోటు చూపించుకోవాలి అని ముందే మాట సిద్ధం చేసుకుంది.

వైద్యశాలలో ఎవరూ లేరు. ఇనప పొయ్యి మీద కెటిల్ కూస్తోంది. మవ్జూదా ఒక కాలు పీట మీద పెట్టుకుని, మడమకి గుడ్డ కడుతోంది. పొయ్యి పక్కన తీగ మీద మేజోళ్లు రెండూ ఆరుతున్నాయి. తెల్ల ఉన్ని మీద మడమ దగ్గర గోధుమరంగు మరక. తెల్ల ఉన్నిలో ఏదీ దాక్కోదు.

నర్సు లేవబోయింది.

"కూర్చో," అంది నేక్‌కదమ్. రక్తపోటు మాట మరిచిపోయింది. "మడమ బాలేదని నీకు ఆ రోజే తెలుసు."

మవ్జూదా కట్టు ముడి బిగించింది.

"నీ చేతులాగాయి. నేను చూశాను. తెలిసీ ఎందుకు తొడుక్కున్నావు? విప్పి మళ్లీ పెట్టుకోవచ్చుగా?"

"మీరు పెట్టిన మడమ బీబీ. నేర్పినవాళ్లు పెట్టినదాన్ని నేర్చుకునేవాళ్లు విప్పడం మా ఊళ్లో లేదు. నొచ్చుకుంటారు."

"నెత్తురు కారినా?"

"అలవాటు పడుతుందేమో అనుకున్నాను."

"అలవాటు!" ముసలామె పీట లాక్కుని ఎదురుగా కూలబడింది. "సరే, ఇప్పుడు నిజం చెప్పు. నీకు అల్లిక వచ్చు."

"వచ్చు."

"చిన్నప్పట్నుంచీ వచ్చు."

"పళ్లు ఊడకముందు నుంచీ."

"మరి రాదని ఎందుకన్నావే? ఊచ ఏ చివర పట్టుకోవాలో తెలీదా! నాలుక బయటపెట్టి అల్లావే!"

మవ్జూదా మొహం ఎర్రబడింది. "మా ఊళ్లో కొత్తగా చేరినవాళ్లు పెద్దావిడ దగ్గరికి ఖాళీ చేతుల్తోనే వెళ్లాలి బీబీ. వచ్చు అనకూడదు. వచ్చు అంటే నీతో పోటీకి వచ్చానని అర్థం. ఎంత బాగా వస్తే అంత రానట్టుండాలి. మా అమ్మ మా మేనత్త ముందు మూడేళ్లు కుట్లు వదిలేసింది."

"మా ఊళ్లో వచ్చి రానట్టు నటించేవాళ్లని దొంగలంటారు."

"అయ్యో," అంది మవ్జూదా. ఈసారి అయ్యో నిజంది. దాని రంగే వేరు.

"ఎందుకొచ్చావు నా దగ్గరికి? అల్లిక వచ్చినదానివి."

"ఇక్కడ మీ చేత్తో మొదలుపెట్టని ఆడమనిషి ఎవరికీ సొంత మనిషి కాదట. డ్రైవర్ చెప్పాడు. నేను గుమ్మంలోకి పోతే అందరూ బాగానే ఉన్నాం అంటారు, జ్వరంతో వణుకుతూ బాగానే ఉన్నాం అంటారు. మీ గాడిద పట్టీ చూశాక పై ఇంటివాళ్లు పురిటికి పిలిచారు."

నేక్‌కదమ్ ఆ మాటని అటు తిప్పింది, ఇటు తిప్పింది. చిరుగేమైనా ఉందా అని వెతికింది. కొట్టువాడు నేర్పించి ఉండొచ్చు. ఉండొచ్చు గానీ, కొట్టువాడి కోసం ఎవరూ మడమ చర్మం ఇవ్వరు. అనుమానం ఆ కాలిని చూసి గుమ్మం దాకా పోయింది. అక్కడ నిలబడింది, పూర్తిగా పోలేదు.

లేచి వెళ్లి తీగ మీది మేజోడు తీసింది. తన చేత్తో పెట్టిన మడమ కొస వెతికి లాగింది. ఉన్ని చరచరా ఊడొచ్చింది. కిటికీ గూట్లో ఉన్న నర్సు ఊచలు అందుకుంది. కుట్లు ఊచల మీదికి ఎత్తాలి. ఒకటి ఎత్తింది, రెండోది ఎత్తింది. బొటనవేలు మొరాయించింది. ఊచ జారి పొయ్యి కిందికి దొర్లింది, దానితోపాటు నాలుగు కుట్లు. మళ్లీ ఎత్తింది. మళ్లీ జారింది. తెరుచుకున్న గొట్టం నోరు ఆమెని వెక్కిరిస్తున్నట్టుంది.

మవ్జూదా చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. చిటికెన వేలు ఒక్కటి కదులుతోంది. కానీ పెద్దావిడ చేతిలో పని అడక్కుండా అందుకోవడం ఆమె ఊళ్లో లేదు. అవతలివాళ్లు ఇమ్మని అడిగితేగాని ఇవ్వడం ఈ ఊళ్లో లేదు. కెటిల్ కూస్తూనే ఉంది.

"తీసుకోవే," అంది నేక్‌కదమ్ చివరికి. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చూస్తూ కూర్చుంటావేం. తీసుకో."

మవ్జూదా తీసుకుంది. కుట్లన్నీ ఊచల మీదికి పిచ్చుకల్లా వరసగా వచ్చి కూర్చున్నాయి.

"ఇప్పుడు విను. వెంటనే తగ్గించకు. ముందు..." నేక్‌కదమ్ తలుపు వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. "ముందు ఉత్తినే తిప్పు."

మవ్జూదా అప్పటికే ఉత్తినే తిప్పుతోంది. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టు మొదలుపెట్టింది.

"ఆగు, ఆగు! ఎవరు చెప్పారు నీకు?"

నర్సు చేతులు ఆపేసి తల దించుకుంది. "మా అమ్మ బీబీ. మా ఊళ్లో అందరూ తిప్పుతారు. క్షమించండి."

"అందరూనా?"

"గొర్రెలు కాసేవాళ్లు కూడా."

పొయ్యిలో కట్టె పగిలింది. ముసలామె మళ్లీ పైకప్పు వైపు చూసింది. శకర్ బీబీ, గుల్‌సిఫత్, కప్పు మీది నమదా, ఆ పొగ. రెండు కనుమల అవతల గొర్రెల కాపరులు ఎండలో కూర్చుని, పాటలు పాడుకుంటూ, అందరి ముందూ...

"ఎన్ని చుట్లు?" అంది.

"మూడు."

"మూడా? మేం రెండే తిప్పుతాం."

"మావాళ్ల మడమలు పెద్దవి బీబీ."

నేక్‌కదమ్‌కి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి. సరిగ్గా అప్పుడు బయట అడుగుల చప్పుడై తలుపు కిర్రుమంది. నేక్‌కదమ్ చెయ్యి తనంతట తనే లేచి, శాలువా కొంగు తీసి నర్సు చేతుల్లోని మడమ మీద కప్పేసింది.

సవ్సన్. చేతిలో జల్దారు గింజల నూనె గిన్నె, నర్సు కాలికి రాయడానికి. వదినని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. శాలువా కింద ఊచల మొనలు పొడుచుకొస్తున్నాయి. అది చూసింది. మొహం తిప్పుకుంది.

"నూనె ఇచ్చి పోదామని వచ్చాను. మీ పని మీరు చూసుకోండి."

"ఉండు," అంది నేక్‌కదమ్.

శాలువా తియ్యడానికి చాలాసేపు పట్టింది. అలవాటు పడ్డ చెయ్యి అది, పోనంటుంది. తీసింది.

"ఇలా రా. అక్కడ కాదు, ఎదురుగా కూర్చుంటే తలకిందులుగా కనపడుతుంది. నా పక్కన కూర్చో. మవ్జూదా, మళ్లీ మొదట్నుంచీ తిప్పు. రెండే. ఇది దర్‌జోమ్."

మవ్జూదా విప్పింది, ఎత్తింది, తిప్పింది. రెండు ఉత్త చుట్లు. ఆ తర్వాత రెండు పక్కలా తగ్గించడం మొదలైంది. గొట్టం నోట్లోంచి చిన్న గిన్నెలా మడమ దిగుతోంది. సవ్సన్ కళ్లార్పకుండా చూసింది. ఆమె ముందు నుదురు ముడిపడింది, తర్వాత విడిపోయింది.

"ఇంతేనా?" అంది.

నేక్‌కదమ్ భయపడింది ఈ మాటకే. కొట్టువాడు కాదు, కప్పెక్కే పిల్ల కాదు, కాకి కాదు. ఇన్నేళ్లూ తలుపుకి గడియ వేసింది ఈ ఒక్క మాట లోపలికి రాకుండా. వచ్చేసింది. వచ్చి, పొయ్యి దగ్గర మామూలుగా కూర్చుంది. ఇల్లేమీ కూలలేదు.

"ఇంతే," అంది. "ఇంతకోసం నా చేత ఎన్ని గొట్టాలు అల్లించిందో మా అత్తని అడుగు, చచ్చి ఎక్కడుందో కనుక్కుని."

"మీరు నా చేత అల్లించినవో?"

"అవి వంతెనకి పనికొస్తాయి. నీ ఊచలేవి? అల్లిక చూడ్డానికి ఉత్త చేతుల్తో వస్తారా ఎవరైనా?"

"నూనె ఇవ్వడానికొచ్చాను వదినా!"

"పట్టుకురా పో. గొట్టం కూడా తీసుకురా, తెల్లది. నల్లది తెచ్చావో తిప్పి పంపుతాను." సవ్సన్ గుమ్మం దాటుతుండగా గొంతు పెంచింది. "దారిలో మేకతో ఏమీ చెప్పకు!"

కిటికీలోంచి చూస్తూనే ఉంది. సవ్సన్ దొడ్డి దగ్గర ఆగలేదు. ఆగనందుకు నేక్‌కదమ్‌కి కొంచెం అనుమానం వేసింది.